ఊరి పేరు

కెమికల్ ఇంజినీరింగులో కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజు ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి నేను. ఎవరూ అప్పగించలేదు, నేనే లాక్కున్నాను. మా ప్రొఫెసరుగారికి ఆమ్లాలతో తప్ప మనుషులతో మాట్లాడటం రాదు. నాకు మాట్లాడటం తప్ప ఇంకేదీ అంత బాగా రాదు. ఈ 1969లో తెలంగాణ గొడవల వల్ల కాలేజీలు మూతబడి, తార్నాకలో ఇంటిపట్టున ఖాళీగా కూర్చున్నాను గనుక ఈ సంగతి రాస్తున్నాను. ఈ ఏడు ఆ ఉపన్యాసం ఇవ్వనక్కర్లేకపోవడం నాకు మేలే అయింది. పోయినేడు ఇచ్చాను గానీ సగం మింగేశాను.

పిల్లలు ఏమీ తెలియకుండా వస్తారు. తండ్రులు అంతకంటే అమాయకులు. మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల నుంచి ఒకాయన కొడుకును రెక్క పట్టుకుని తీసుకొచ్చి, "సార్, గిది మందుల దుకాణం సదువేనా?" అని అడిగాడు. కాదు నాయనా అని గంటసేపు చెప్పాను. ఆయన అన్నిటికీ తల ఊపి, వెళ్ళేటప్పుడు, "దుకాణం ఏడ పెడితే మంచిగుంటది సార్?" అన్నాడు.

అందుకని నేనొక పద్ధతి కనిపెట్టాను. బల్ల మీద ఒక గ్లాసు, దాని పక్కన ఇంటి నుంచి మోయించుకొచ్చిన ఇత్తడి గంగాళం పెట్టేవాణ్ణి. "గ్లాసులో చేసి చూపించేవాడు కెమిస్టు. దాన్నే గంగాళంలో చేసేవాడు కెమికల్ ఇంజినీరు. గ్లాసెడు పాలు ఇట్టే చల్లారతాయి. గంగాళం పాలు చల్లారవు, ఈలోపల విరుగుతాయి. ఆ విరిగే దగ్గర మొదలవుతుంది మన ఉద్యోగం. పంచదారైనా, సిమెంటైనా, ఎరువైనా, సబ్బైనా ఇదే గోల," అనేవాణ్ణి. పిల్లల మొహాలు కాస్త విప్పారేవి. అప్పుడు అసలు ప్రశ్న వేసేవాణ్ణి. "మీ అమ్మ వంటింట్లో ఏం చేస్తుందో ఒక్కొక్కరే చెప్పండి. దాన్ని మన శాస్త్రంలో ఏమంటారో నేను చెబుతాను."

ఒకడు కాఫీ డికాషన్ అంటాడు. ఒకడు వడియాలు ఎండబెట్టడం అంటాడు. ఒకడు మజ్జిగ చిలికి వెన్న తీయడం అంటాడు. ప్రతిదానికీ ఒక ఇంగ్లీషు పేరు, ఒక కర్మాగారం, ఒక ఉద్యోగం చెప్పి, "చూశారా, మీ అమ్మ ఇరవై ఏళ్ళ అనుభవమున్న ఇంజినీరు," అని ముగించేవాణ్ణి. చప్పట్లు కొట్టేవాళ్ళు. ఆ చప్పట్లంటే నాకు ప్రాణం, దాచడమెందుకు.

1967 జూలైలో కూడా ఆ ప్రశ్నే అడిగాను. ముప్ఫైమంది. కాఫీలు, వడియాలు అయిపోయాయి. చివరి బెంచీలో పొడుగ్గా, బక్కగా ఉన్న కుర్రాడు లేచాడు.

"నీ పేరేమిటోయ్?"

"ఇన్నయ్య సార్. వరంగల్లు జిల్లా."

"మీ అమ్మ ఏం చేస్తుంది?"

"మా అమ్మ ఇప్పసారా కాస్తది సార్."

క్లాసు గొల్లుమంది. అతను కూర్చోలేదు. నేను అడిగింది అదే కదా, జవాబు పూర్తి చేయాలి కదా అన్నట్టు చెప్పుకుపోయాడు. ఇప్పపువ్వు నానబెట్టి పులియబెట్టడం, కుండలో పోసి పొయ్యి మీద పెట్టడం, దాని మీద ఇంకో కుండ, ఆ పైన చల్లటి నీళ్ళ గిన్నె, సందుల్లో మన్ను మెత్తడం. "మీది నీళ్ళు ఎచ్చగైతే పారబోసి మల్ల సల్లటియి పోస్తది సార్. మూడు మాట్ల నీళ్ళు మారిస్తే గట్టి సారా. ఐదు మాట్లయితే పల్చన. ఏడు దాటితే అది ఎవ్వల్కి పోయది. ఫస్టు వచ్చింది గూడ పోయది, పారబోస్తది. అది తాగితే కండ్లు పోతయంటది."

క్లాసులో నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. మేము మూడో సంవత్సరంలో రెండు నెలలు చెప్పే పాఠం అది. మొదట వచ్చేది విషం, నడుమ వచ్చేది సరుకు, చివర వచ్చేది నీరు. ఇదంతా థర్మామీటరు లేకుండా, నీళ్ళ గిన్నెలు లెక్కబెట్టుకుని చేస్తోంది ఆ తల్లి. నాకు ఒళ్ళు ఝల్లుమంది. "నవ్విన వాళ్ళంతా వినండి, ఈ గదిలో కెమికల్ ఇంజినీరింగు తెలిసిన వాళ్ళం ఇద్దరమే, నేనూ ఇన్నయ్యా," అన్నాను. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నాను. ఇందులో నేను సిగ్గుపడాల్సిందేమీ లేదు. సిగ్గుపడాల్సింది తరువాత ఉంది.

ఆ వారమే అతన్ని మా లేబొరేటరీకి తీసుకువెళ్ళాను. మొదటి సంవత్సరం పిల్లలకు అక్కడ పని లేదు, అయినా తీసుకువెళ్ళాను. మెకానిక్ బిక్షం బాయిలరు వెలిగించి, రెండంతస్తుల ఎత్తున్న డిస్టిలేషన్ గొట్టం నడిపించాడు. ఇన్నయ్య మెట్లెక్కుతూ గొట్టానికి అరచెయ్యి దగ్గరగా పెట్టి, తీసి, మళ్ళీ పెట్టి, పైదాకా వెళ్ళాడు. కిందికి దిగి నా దగ్గరికి వచ్చాడు.

"సార్, లోపల అంతస్తులున్నయా?"

"ఉన్నాయి. పళ్ళేల్లాంటివి, ఇరవై."

"అయితే మా అమ్మ ఒక్కపారి కాసేది గిది ఇరవై పార్లు కాస్తది. అంతే గద సార్?"

అంతే. నా బుర్రకు ఆ సంగతి ఎక్కడానికి రెండేళ్ళు పట్టింది. అతనికి మెట్లు దిగేలోపల తెలిసింది. బిక్షం కూడా పని ఆపి చూస్తూ, "గీ పోరడు పనిమంతుడు సార్," అన్నాడు. ఇన్నయ్య సిగ్గుపడి నవ్వి, "దీనికి నౌకరి దొరుకుతదా సార్? ఇప్పుడు ఇంజినీర్లకు నౌకర్లు లేవంటున్నరు," అని అడిగాడు. "నీకు దొరక్కపోతే ఇంకెవడికీ దొరకదు," అన్నాను.

అక్కడే ఇంటి సంగతులు చెప్పాడు. తండ్రి లేడు. తల్లి ఆరోగ్యమ్మ బట్టీ మీదే అతనూ ఇద్దరు చెల్లెళ్ళూ బతుకుతున్నారు. హాస్టల్లో అతని గదిలో ఉండే సమ్మయ్యది పక్క ఊరు.

"మీదే ఊరు?"

"ఇప్పలపల్లె సార్. ములుగు అవతల." చెప్పాక కాస్త తటపటాయించాడు. "ఊరి పేరు గీడ ఎవ్వల్కి చెప్పలే సార్. సమ్మయ్యకు ఎరుకే, ఇప్పుడు మీకు. మా అమ్మ చెప్పొద్దన్నది."

"నాతో చెబితే గోడతో చెప్పినట్టే," అన్నాను.

గోడకు నాలుక ఉండదు. నాకు ఉంది. మా శ్యామలాంబ పెళ్ళయిన కొత్తలోనే ఈ సంగతి కనిపెట్టింది. "పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, మీ దగ్గర పెదవి అడ్డమే రాదు," అంటుంది.

తార్నాకలో మా పక్కవాటా వెంకటసుబ్బారావుగారు. కోస్తాలో మా జిల్లావాడే, ఆబ్కారీ ఆఫీసులో సూపరింటెండెంటు. చీమకు అపకారం తలపెట్టని మనిషి. ఆదివారం పొద్దున్న మా వసారాలో కాఫీ తాగుతూ కబుర్లు చెప్పుకోవడం మాకు అలవాటు. ఆగస్టులో ఒక ఆదివారం ఇన్నయ్య కథ చెప్పాను. ఆయన ఏ ఆఫీసులో పనిచేస్తాడో మరిచిపోయి చెప్పలేదు. గుర్తుండే చెప్పాను. సారా కథ ఆబ్కారీ ఆయనకు చెబితే వచ్చే మజా ఇంకెవరికి చెబితే వస్తుంది? ఆయన పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు నాకు చాలలేదు. ఇంకొక్క మెట్టు ఎక్కిద్దామనిపించింది.

"ఊరి పేరు వింటే ఇంకా నవ్వుతారు. ఇప్పలపల్లె! ములుగు అవతలట. ఊరే బట్టీ అన్నమాట!"

శ్యామలాంబ గుమ్మంలో ఉంది. నన్ను ఒక చూపు చూసింది. వెంకటసుబ్బారావుగారు మళ్ళీ నవ్వాడు. నేను రెండో కాఫీ అడిగాను.

దసరా సెలవులకు హాస్టలు ఖాళీ అయింది. సెలవులయ్యాక అందరూ వచ్చారు, ఇన్నయ్య రాలేదు. వారం చూసి సమ్మయ్యను పిలిపించాను. పొట్టిగా, గుండ్రంగా ఉండే పిల్లాడు, సివిల్ ఇంజినీరింగు చదువుతున్నాడు. వచ్చి నిలబడి నేల చూపులు చూశాడు.

"ఇన్నయ్య వాళ్ళమ్మను పట్టుకపోయిన్రు సార్. పండుగకు నాలుగొద్దుల ముంగట ఆబ్కారోళ్ళ జీపు వచ్చిందట. నేరుగ వాళ్ళింటికే వచ్చింది, ఇంకెవ్వల ఇంటికి పోలే. కుండలన్నీ పలగ్గొట్టిన్రు. ఆరు నెలలు శిక్ష పడ్డది."

"ఎవరు చెప్పారట?" అన్నాను.

"ఎరుక లేదు సార్. ఇన్నయ్య నా మీద అనుమానపడుతున్నడు," అన్నాడు. "నేను చెప్పలే సార్. నాకు వాడు అన్న లెక్క."

ఆ సాయంత్రం వెంకటసుబ్బారావుగారి గుమ్మం ఎక్కాను. ఆయన తోటలో మొక్కలకు నీళ్ళు పోస్తున్నాడు.

"ఆ, ఇప్పలపల్లెనా? మీరు చెప్పిందేగా మాస్టారూ! మా వరంగల్లు ఆయన ఆఫీసుకు వస్తే నవ్వుకోవడానికి చెప్పాను. ఆయన ఊరుకోకుండా కేసు కట్టేశాడు." నా మొహం చూసి నీళ్ళ చెంబు కింద పెట్టాడు. "ఏమిటి, ఆ పిల్లాడు బాధపడుతున్నాడా? అయ్యో. మీ పేరు మాత్రం ఎక్కడా రాదు లెండి, ఆ భయం పెట్టుకోకండి."

ఆ క్షణం వరకూ ఆ భయం నాకు రాలేదు. ఆయన అనగానే వచ్చింది, వచ్చి కూర్చుంది. కేసు వెనక్కి తీసుకునే దారేమైనా ఉందా అని అడిగాను. శిక్ష పడ్డాక ఏముంటుందన్నాడు. చెంబు తీసుకుని గులాబీ మొక్కల వైపు నడిచాడు.

ఇంటికొస్తే శ్యామలాంబ అంతా అడిగి తెలుసుకుంది. తిట్టలేదు. తిడితే బాగుండేది. "ఆ పిల్లాడు వస్తే మీరే చెప్పండి. ఇంకెవరి నోటనో వినకూడదు," అంది. చెబుతానన్నాను. చెప్పాలనే అనుకున్నాను. రోజూ సీతాఫల్‌మండి వైపు నుంచి నడిచివచ్చే పిల్లల్లో అతనున్నాడేమోనని చూసేవాణ్ణి. ఏ మాటతో మొదలుపెట్టాలో కూడా సిద్ధం చేసుకున్నాను. ఉపన్యాసాలిచ్చేవాణ్ణి, ఆ మాత్రం సిద్ధం చేసుకోలేనా?

నవంబరు మధ్యలో, మధ్యాహ్నం రెండింటికి, నా గది తలుపు దగ్గర నిలబడ్డాడు. బుగ్గలు పీక్కుపోయాయి. చేతిలో ఒక కాగితం, సర్టిఫికెట్లు వెనక్కి ఇప్పించమనే అర్జీ. సంతకం చోటు ఖాళీగా ఉంది.

"ఇదేమిటోయ్? మానేస్తున్నావా?"

"ఇంక ఖరారు చేయలే సార్. మిమ్మల్ని ఒక మాట అడిగి, ఆ మీద సంతకం పెడ్దామనుకున్న."

కూర్చోమన్నాను. అంచు మీద కూర్చున్నాడు.

"జైలుకు పోయిన సార్, అమ్మను చూసొద్దామని. జీపుల వచ్చినోళ్ళు అమ్మను నవ్వులాటకు అన్నరంట, 'నీ కొడుకే హైదరాబాదుల అందరి ముంగట చెప్పిండు, వాణ్ణే అడుగు' అని. అమ్మ నన్ను అడిగింది, 'నువ్వు చెప్పినవా బిడ్డా?' అని. సారా సంగతి చెప్పిన గని ఊరి పేరు చెప్పలే అన్న. 'అయితే నీ తప్పు లేదు, పోయి సదువుకో, చెల్లెండ్లను మేనత్త చూస్తది, ఆరు నెలలే గద' అన్నది. అన్నంక బండెక్కిన. బండిల కూసున్నంక నాకే అనుమానమొచ్చింది. ఆ మొదటి దినం నేను బెదిరి ఉన్న. ఏం చెప్పిన్నో సక్కగ యాదికొస్తలేదు. అందుకే మిమ్మల్ని అడుగుతున్న. క్లాసుల లేసినప్పుడు ఊరి పేరు గూడ చెప్పిన్నా సార్?"

నాకు ఆ రోజు అక్షరం అక్షరం గుర్తుంది. 'వరంగల్లు జిల్లా' అన్నాడు, అంతే.

"చెప్పకపోతే ఏమిటి?" అన్నాను, కాలం గడపడానికి.

"చెప్పకపోతే ఇగ ఉన్నది సమ్మయ్యనే. మీకూ వానికీ దప్ప ఎవ్వల్కి ఎరుక లేదు. మీరు చెప్పరు." ఆ మాట అనేటప్పుడు నా మొహం వైపు కూడా చూడలేదు, చూడాల్సిన అవసరమే లేనట్టు. "సమ్మయ్యతోని మాట్లాడుడు బంద్ జేసి, రూము మారి, సదువుకుంట. అమ్మ గదే చెప్పింది. గని నేనే చెప్పిన్నని తెలిస్తే మాత్రం సదవలేను సార్. అమ్మను జైల్ల కూసోబెట్టి, ఆమెకు అబద్ధం చెప్పి, గీడ అదే పాఠం ఎట్ల ఇంటా?"

రెండు మాటలు చాలు. 'చెప్పింది నేను.' నేను సిద్ధం చేసుకున్న మాటలు కూడా అవే. అవి చెబితే అతను నన్ను అసహ్యించుకుంటాడు, సమ్మయ్యను అసహ్యించుకోడు, తనను తాను అసహ్యించుకోడు, చదువుకుంటాడు. ఇంత తేలిక లెక్క. ముప్ఫైమంది ముందు నిలబెట్టి అడిగినా ఆ లెక్క తప్పు పోకుండా చేసేవాణ్ణి.

నేను చూసింది మాత్రం వేరు. ఈ సంగతి హాస్టలుకు పాకుతుంది. హాస్టలు నుంచి క్లాసుకు. పక్క గదిలో మా ప్రొఫెసరుగారికి. ఆంధ్రా మేష్టరు తెలంగాణ పిల్లాడి తల్లిని పట్టించాడంటారు. వచ్చే జూలైలో గంగాళం పక్కన నిలబడితే చప్పట్లు కొట్టేదెవరు? ఇవన్నీ ఒక్క గుక్కలో తట్టాయి. వాటితో పాటు ఒక మంచి సాకు కూడా దొరికింది. 'నువ్వు చెప్పలేదు' అంటే సమ్మయ్య అన్యాయమైపోతాడు కదా! ఆ పిల్లాణ్ణి కాపాడాలి కదా! తేలు కుట్టిన దొంగ కూడా ఇంత చక్కటి సాకు వెతుక్కోడు.

"చెప్పావనుకుంటానోయ్," అన్నాను.

"ఊరి పేరా సార్?"

"ఆ. ఇప్పలపల్లె అన్నట్టే గుర్తు."

"మంచిగ యాదుందా సార్?"

"ఉంది."

గోడ అవతల బిక్షం ఏదో సుత్తితో కొడుతున్నాడు. ఇన్నయ్య కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని, సాఫు చేసి, నా బల్ల మీద కలం తీసుకోవచ్చా అన్నట్టు చూశాడు. నేనే అందించాను. సంతకం పెట్టాడు.

"చూడవయ్యా, దీనికి చదువు మానేయడమెందుకు? తెలియక అన్నావు. నేను ప్రొఫెసరుగారితో మాట్లాడతాను, హాజరు సంగతి నేను చూసుకుంటాను. హాస్టలు సంగతి కూడా చూస్తాను," అన్నాను. ఈ మాటలన్నీ నిజంగానే అన్నాను, చేసి ఉండేవాణ్ణి కూడా. గంగాళం పాలన్నీ విరగ్గొట్టి, పైన చెంచాడు మంచి పాలు పోయడమన్నమాట.

"వద్దు సార్. మీరు నన్ను లెక్కజేసి ఆ పెద్ద గొట్టం చూపించిన్రు. గంతే చాలు." లేచాడు. "సమ్మయ్యను నెల నుంచి తిట్టని తిట్టు లేదు. వాని కాళ్ళు పట్టుకోవాలె ముందు."

నా కాళ్ళ వైపు వంగబోయాడు. చేతులడ్డం పెట్టాను. రెండు చేతులూ జోడించి, బయటికి వెళ్ళాడు. కిటికీలోంచి చూస్తే, గంట తరువాత కాబోలు, ఇద్దరూ సీతాఫల్‌మండి స్టేషను వైపు నడుస్తున్నారు. రేకు పెట్టె సమ్మయ్య నెత్తిన ఉంది. ఇన్నయ్య దాన్ని తీసుకోబోతే అతను ఇవ్వడం లేదు. పరుగెత్తితే అందుకోగల దూరమే. నేను కిటికీ దగ్గరే నిలబడ్డాను.

ఆ రాత్రి శ్యామలాంబ నా మొహం చూసి, "ఆ పిల్లాడు వచ్చాడా?" అంది.

"వచ్చాడు."

"చెప్పారా?"

"చెప్పాను."

"ఏమన్నాడు?"

"దండం పెట్టి వెళ్ళాడు."

నెలరోజులుగా నాతో ముభావంగా ఉన్న మనిషి, కళ్ళు తుడుచుకుని, "ఎంత మంచి పిల్లాడండీ. మీరూ ధైర్యం చేశారు," అని, పీట వాల్చి, వేడివేడిగా అన్నం పెట్టి, ఎదురుగా కూర్చుని విసనకర్రతో విసిరింది. నేను తిన్నాను.